డబ్బా లేని ఆదివారం

ఆదివారం పొద్దున చిన్న మేస్త్రి బిస్కెట్ ప్యాకెట్టును కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి, వెనకవైపు అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. బడి మధ్యలో మానేసి అన్న వెంట వెల్డింగు షాపుకు పోయిన మనిషి. పుస్తకమంటే ఆమడ దూరం. అలాంటివాడు కూతురు పుట్టాక చీమకాళ్ళంత అక్షరాలు చదవడం నేర్చుకోవలసి వచ్చింది. కూతురికి వేరుశనగ పడదు. పడదంటే నాలుగు దద్దుర్లు లేచి తగ్గిపోయే రకం కాదు. పిసరంత లోపలికి పోయినా గొంతు వాచి ఊపిరి ఆగిపోతుంది.

"ముందువైపు నవ్వుతున్న పిల్ల బొమ్మ అరచెయ్యంత వేశాడు," అన్నాడు పళ్ళు కొరుకుతూ. "వేరుశనగ ఆడే యంత్రం మీదే ఇదీ చేశామన్న ముక్క మాత్రం మడత కింద దాచాడు. వాడి పిల్లకైతే ఇలాగే రాసుకుంటాడా?"

"వాడికి వినపడదు గానీ ఆ ప్యాకెట్టు అవతల పెట్టండి," అంది భార్య పొయ్యి దగ్గర్నుంచి. "రొట్టెలు చేస్తున్నాగా."

ఆ ఇంటి గడప వేరుశనగ గింజ తొక్కి ఏళ్ళయింది. భార్యకు రొయ్యలు పడవు కాబట్టి అవీ రావు. ఆమె గుమ్మడి గింజలు దోరగా వేయించి పొడి కొట్టుకుంటుంది. ఆకుకూర రోజూ ఉండాల్సిందే. చేపను కళ్ళముందు కోయించి తెచ్చుకుంటుంది. పొడులన్నీ ఇంట్లోనే, ఇంటి మిక్సీ జారులోనే. పాపం ఆ పిల్ల ఏం తింటుందో ఏమోనని చుట్టాలు జాలి పడేవాళ్ళు గానీ, ఆ పిల్ల తినేంత శుభ్రమైన తిండి ఆ వీధి మొత్తంలో ఎవరూ తినరు. ఆ మాట చెబితే వినేవాడెవడు? అందరికీ వైద్యం తెలుసు. కొంచెం కొంచెం అలవాటు చేయండంటాడు ఒకడు. అతి శుభ్రం వల్లే వచ్చిందంటాడు ఇంకొకడు. రాత్రంతా ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నవాడు మాత్రం వాళ్ళలో ఒక్కడూ లేడు.

పిల్లను అందరూ పిచ్చుక అంటారు. నిద్ర లేచింది మొదలు నోరు ఆగదు.

ఫోను మోగింది. వదిన. చిన్న మేస్త్రి మొహం అప్పుడే సగం ముడుచుకుంది.

అమ్మ పోయినప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నం భోజనం అన్న ఇంట్లోనే. అది వాళ్ళు పెట్టుకున్న కట్టు. అందరూ వదిన చేతి వంట తింటుంటే, పిచ్చుక మాత్రం బల్ల చివర కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పేది. ఆ డబ్బా చూసినప్పుడల్లా వదినకు ఒళ్ళు మండేది. "నా చేతి వంట తిని ఇంతవరకూ ఎవరూ పోలేదు," అనేది కూర వడ్డిస్తూ. "మా కాలంలో రాళ్ళు తిని అరిగించుకున్నాం. ఇదంతా మీ అమ్మ వైపు నుంచి వచ్చిందిలే పిచ్చుకా." చిన్న మేస్త్రి తల వంచుకుని తినేవాడు. వాళ్ళకు చెప్పినా బుర్రకెక్కదు, చెప్పకు అని భార్యకు ఏనాడో ఆనపెట్టాడు.

"ఈ పూట డబ్బా తేవద్దు," అంది వదిన ఫోన్లో. "పిల్లకి కూడా నేనే వండుతున్నా."

"వద్దు వదినా."

"విను ముందు. పల్లీలు గింజ లేకుండా నిన్ననే పక్కింటికి ఇచ్చేశా. గిన్నెలన్నీ వేడినీళ్ళలో వేసి తోమా. బల్ల, గట్టు అన్నీ కడిగా. నీ పెళ్ళాం కడిగినట్టే కడిగా."

"నూనె ఏంటి?"

"పొద్దుతిరుగుడుది. సీలు తీయని ప్యాకెట్టు."

"పొడులు?"

"అన్నీ కొత్తగా, నా చేత్తో కొట్టా. కొట్టిన జారు కూడా కొత్తదే. ఇంకేమైనా అడుగుతావా, పోలీసుల్ని పంపుతావా?"

అతను ఇంకా ఏదో అనబోయేలోపు పిచ్చుక మోచెయ్యి పట్టుకుని వేలాడింది. "నాన్నా, నేను కూడా అందరి గిన్నెలోదే తింటానా? నాకు కూడా పెద్దమ్మే వడ్డిస్తుందా?"

ఆ మొహం చూశాక వద్దనడానికి అతనికి నోరు రాలేదు. భార్య మాత్రం రొట్టె చేస్తున్న చెయ్యి ఆపి అతని వంక చూసింది. సూది మందు ఉన్న చిన్న సంచీని పిల్ల నడుముకు ఎప్పటికంటే గట్టిగా కట్టింది.

అన్న ఇంట్లో ఆ మధ్యాహ్నం పండగలా ఉంది. వదిన జుట్టు గట్టిగా ముడేసుకుని, కొత్త ఏప్రన్ కట్టుకుని తిరుగుతోంది. అన్న, షాపులో అందరూ పెద్ద మేస్త్రి అనే మనిషి, ఎందుకో తనలో తనే నవ్వుకుంటున్నాడు. పిచ్చుకను బల్ల మధ్యలో కూర్చోబెట్టారు. అన్నం, పప్పు, వేయించిన చేప. వదిన తన చేత్తో ముల్లు తీసి పెట్టింది.

"పెద్దమ్మా, చేప ఎంత కరకరలాడుతుందో," అంది పిచ్చుక. నోటినిండా ముద్ద పెట్టుకుని ఇంకా ఏదో చెప్పబోయి ఆగింది. నాలుక బయటపెట్టి చేత్తో తుడుచుకుంది. "నాన్నా, నోరు దురద."

మిగతాది చిన్న మేస్త్రికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పెదాలు ఉబ్బడం. పిల్ల నోట్లోంచి ఈలలాంటి చప్పుడు. భార్య సంచీ విప్పి తొడకు సూది గుచ్చి అలాగే అదిమి పట్టుకోవడం. కుర్చీ పడిపోవడం. అన్న పిల్లను ఎత్తుకుని చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తడం. ఎవరిదో కారు.

ఆసుపత్రి వరండాలో పిల్ల ఊపిరి సర్దుకుందని డాక్టరమ్మ వచ్చి చెప్పింది. "ఇంత తీవ్రంగా వచ్చిందంటే వేరుశనగే అయి ఉంటుంది. ఎలా తిందో కనుక్కోండి," అని వెళ్ళిపోయింది.

చిన్న మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడిన వదిన దగ్గరికి వెళ్ళాడు.

"ఏం వేశావు?"

"ఏమీ వేయలేదయ్యా. పిల్ల మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్టేయడానికి పిల్ల మిగిలింది కాబట్టి సరిపోయింది. కొంచెం పెట్టి చూద్దాం, ఏమవుతుందో తేలిపోతుంది అనుకున్నావు. అవునా కాదా? ఇన్నేళ్ళూ నీ నోట్లో నానుతున్న మాటేగా అది."

"తమ్ముడూ," అన్నాడు అన్న.

"నువ్వు మాట్లాడకు. మీ ఆవిడ పంతం నెగ్గడానికి నా కూతురు గొంతు కావలసి వచ్చింది. మనిషిని చంపబోయిన దాన్ని వదినా అని పిలవడం ఇవాళ్టితో సరి."

ఎప్పుడూ మాట పడని వదిన, కొంగుతో మూతి మూసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పిచ్చుక ఇంటికి వచ్చింది గానీ, వచ్చింది పిచ్చుక కాదు. మాట తగ్గిపోయింది. పళ్ళెం ముందు పెడితే చేతులు ఒళ్ళో దాచుకునేది. "ఇందులో ఏముంది?" అని అడిగేది. చెబితే నమ్మేది కాదు. "పెద్దమ్మ కూడా ఏమీ లేదనే చెప్పింది," అనేది. చివరికి తల్లి చేతి కూర కూడా మానేసింది. తన కళ్ళముందు కడిగి, తన కళ్ళముందు ఉడికించిన ఉత్త అన్నం మాత్రమే, అదీ నాలుగు మెతుకులు. బుగ్గలు పీక్కుపోతున్నాయి. అది చూసి చిన్న మేస్త్రికి వదిన మీద కోపం రోజురోజుకీ పెరిగిందే తప్ప తగ్గలేదు. గొంతు వాపు సూదితో తగ్గింది. ఈ భయానికి ఏ సూది ఉంది? ఇంట్లో తిండి చూసి వణికే పిల్లను చేసిపెట్టి, ఆ మహాతల్లి అక్కడ సుఖంగా మూడు పూటలా తింటోంది కాబోలు అనుకునేవాడు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే షాపు. మాట్లాడుకోకపోయినా గేట్లు చేయక తప్పదు. ఒకడు చట్రం మూలమట్టానికి సరిచూసి పట్టుకుంటే, రెండోవాడు అతుకు వేయాలి. వెల్డింగు రాడ్డు తగిలించే ముందు పట్టుకున్నవాడితో "కళ్ళు" అనాలి. అవతలివాడు మొహం పక్కకు తిప్పుకోవాలి. లేకపోతే ఆ వెలుగుకు కళ్ళు పోతాయి. తండ్రి నేర్పిన పద్ధతి అది. ఇప్పుడు వాళ్ళిద్దరి మధ్య మిగిలిన మాట అదొక్కటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ షాపులో "కళ్ళు", "కళ్ళు" అని తప్ప మనిషి గొంతు వినిపించేది కాదు. గేటు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు వీళ్ళకేదో జబ్బు చేసిందనుకునేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్ద గేటు మీద ఇద్దరూ వంగి ఉండగా షాపు ముందు నీడ పడింది. వదిన. చేతిలో బరువైన గుడ్డ సంచీ. మనిషి సగమైంది. చిన్న మేస్త్రి లేచి, చేతి తొడుగులు తీసి బల్ల మీద కొట్టాడు.

"నేను బయటికి పోతున్నా."

"పోదువుగాని. ఇది చూసి పో," అని ఆమె సంచీలోంచి ఒక ఇనప పెనం తీసి గేటు చట్రం మీద పెట్టింది. "వేరుశనగ ఇందులో ఉంది. నేనే పెట్టా."

అన్న చేతిలో రాడ్డు జారి కిందపడింది. "ఏమంటున్నావే?"

"పొద్దున ఈ పెనాన్ని అటక మీద పడేద్దామని తీశా. తుప్పు పట్టకుండా నూనె పూద్దామని వెనక షెడ్డులోంచి సీసా తెచ్చి వంచా. వంచాక చెయ్యి ఆగిపోయింది. అది మిల్లులో ఆడించిన పల్లీ నూనె." ఆమె పెనం అంచు పట్టుకుంది. "పాత పెనాలేవీ పిల్లకి వద్దని మీ అన్నని బతిమాలి ఈ పెనం చేయించా. కొత్త ఇనుముకి వంట అంటుకోకూడదని రోజూ కాల్చి, పూసి, కాల్చి, పూసి మాగబెట్టా. వంటింట్లో పల్లీ అన్నది లేకుండా చేశాను గానీ, ఆ సీసా వంటింట్లో ఉండదుగా. మీ అన్న పనిముట్ల పక్కన ఉంటుంది. ఇనుముకి పూసేదే తప్ప తినేదని ఏనాడూ అనుకోలేదు నేను. అందులోనే చేప వేయించా."

చిన్న మేస్త్రికి అమ్మ గుర్తొచ్చింది. పెనానికి, కత్తిపీటకి, తలుపు బందులకి అదే నూనె పూసేది. ఇనప నూనె అనేది దాన్ని. ఆ సీసా సంగతి తనకూ తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. నూనె ఏంటని ఫోన్లో అడిగినవాడికి కూడా ఆ సీసా తట్టలేదు.

అయినా కోపం అంత తేలిగ్గా దిగేది కాదు. "తెలియక చేశానంటే ఆ గొంతు వింటుందా?" అన్నాడు.

"వినదు. అందుకే వచ్చా. నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. నువ్వు నన్ను ఆసుపత్రిలో నలుగురిలో ఏమన్నావో నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. కానీ పిల్ల తినడం లేదని తెలిసింది. ఎక్కడ దెబ్బ తగిలిందో తెలియకపోతే అది బతికినన్నాళ్ళూ ప్రతి ముద్దకీ భయపడుతుంది. దానికి చెప్పాలి. నువ్వు చెప్పినా సరే, నన్ను చెప్పనిచ్చినా సరే."

"ఇన్నేళ్ళూ ఎగతాళి చేసి ఇప్పుడొచ్చి..."

"ఎగతాళి చేసింది, నిజమే," అన్నాడు అన్న అడ్డం వచ్చి. ఇన్నాళ్ళ మౌనం ఒక్కసారిగా తెగినట్టు గొంతు పెద్దదైంది. "చేసింది కాబట్టి తప్పే. మరి నువ్వేం చేశావురా? రాడ్డు తగిలించే ముందు నాకు కళ్ళు అని చెప్పకుండా ఏనాడైనా పని చేశావా? నన్ను గుడ్డివాణ్ణి చేయవు కదా. ఇంత పెద్ద ప్రమాదం ఇంట్లో పెట్టుకుని, మాకు ఒక్క ముక్క విడమరిచి చెప్పావా? డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేవాడివి. వద్దు, తాకొద్దు, అంతే. మాకు బుర్ర లేదని నువ్వే తేల్చేశావు. గిన్నెకి అంటుకున్నా ప్రమాదమే, పెనానికి పట్టినా ప్రమాదమే అని మీ వదినకి ఎవడు చెప్పాడు?"

చిన్న మేస్త్రి చేతిలోకి పెనం తీసుకున్నాడు. చూపు ఎక్కడో పెట్టుకోవాలని. అంచు చుట్టూ వేలు తిప్పాడు. ఎక్కడా గరుకు లేదు. రాపిడి రాయి మీద ఎంతసేపు పట్టి ఉంటే ఇనుము అంత నున్నగా వస్తుందో అతనికి తెలుసు. పిడి పొట్టిగా ఉంది, చిన్న చేతికి సరిపోయేలా. చివర వేలు కాలకుండా తీగ చుట్టారు. పిడి అతికిన చోట, ఎవరి కంటా పడని కిందవైపు కూడా, అతుకు చేపపొలుసుల వరసలా తీరుగా ఉంది. అన్న చెయ్యి. డబ్బిచ్చి చేయించుకునేవాళ్ళ గేట్లకు కూడా అన్న ఇంత శ్రద్ధగా అతుకు వేయడం అతను ఎప్పుడూ చూడలేదు.

"ఇది ఎప్పుడు చేశావు?" అన్నాడు.

"నువ్వు ఇంటికి పోయాక," అన్నాడు అన్న ఎటో చూస్తూ. "పెద్దయ్యాక తనే చేసుకు తింటుందని పిడి చిన్నది పెట్టమంది మీ వదిన."

చిన్న మేస్త్రి ఆ పెనాన్ని కింద పెట్టలేకపోయాడు. ఇంత ప్రేమగా చేసిన వస్తువు తన కూతుర్ని దాదాపు చంపేసింది. ఎవర్ని తిట్టాలి? ఇన్నాళ్ళూ తిట్టడానికి ఒక మనిషి ఉండేది, హాయిగా ఉండేది. ఇప్పుడు ఆ మనిషి ఎదురుగా నిలబడి నేనే చేశానంటోంది, తిట్టు మాత్రం నోటికి రావడం లేదు. కళ్ళలో నీళ్ళు నిండాయి. వాటి మీద కూడా అతనికి కోపమే వచ్చింది.

"రా," అన్నాడు చివరికి. "పిల్లకి నువ్వే చెప్పు."

ఇంటి తలుపు తీసిన భార్య, అన్నతో పాటు వచ్చిన వదినను చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చిన్న మేస్త్రి జరిగింది చెప్పాడు. ఆమె అంతా విన్నది. మొహంలో ఏమీ మారలేదు.

"లోపలికి రా అనడానికి నాకు నోరు రావడం లేదక్కా," అంది. "ఆ రోజు నా చేతుల్లో అది నీలంగా మారింది. సూది గుచ్చింది నేను."

"తెలుసమ్మా. రమ్మని అడగను. ఇక్కడి నుంచే చెప్పి పోతా."

భార్య ఆమె చేతుల వంక చూసింది. తర్వాత పక్కకు జరిగింది. "సబ్బు ఆ మూల ఉంది. మోచేతుల దాకా కడుక్కుని రా."

పిచ్చుక మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. వదిన దగ్గరికి పోలేదు. గది మధ్యలో నేల మీదే చతికిలబడింది. షాపులో చెప్పినట్టే, ఏమీ దాచకుండా, పెనం సంగతి, నూనె సంగతి చెప్పింది. పిల్ల కళ్ళార్పకుండా విన్నది.

"అంటే చేపలో లేదా?"

"లేదు."

"పొడిలో?"

"లేదు. పెనం ఒంట్లో ఉంది. వేడెక్కితే చేపకి పట్టింది."

"అయితే నువ్వు అబద్ధం చెప్పలేదా పెద్దమ్మా?"

"లేదమ్మా. తప్పు చేశా. అబద్ధం చెప్పలేదు. రెండూ వేరు వేరు."

పిల్ల వంటింటి వైపు చూసింది. "మా అమ్మ పెనం స్టీలుది. దానికి ఏమీ పూయరు," అంది నెమ్మదిగా. ఆ తర్వాత, "ఆకలేస్తోంది."

భార్య వెనక్కి తిరిగి గోడ వైపు మొహం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. చిన్న మేస్త్రి ఏదో సర్దుతున్నట్టు కిటికీ దగ్గరికి పోయాడు.

పిచ్చుక మంచం దిగి వదిన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "అదెక్కడిది?" "ఎప్పుడు కొన్నారు?" "గరిటె కడిగావా?" "ఇంకోసారి కడుగు." ఎవరి మాటా పడని మనిషి, ఆ చిన్నపిల్ల అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెబుతూ, కడిగిన గరిటెనే మళ్ళీ కడిగింది. ఉప్పు డబ్బా మూత తీసి వాసన చూపించింది. ప్యాకెట్టు మీద సన్నటి అక్షరాలు కనపడక కళ్ళు చికిలిస్తే, పిచ్చుకే చదివి వినిపించింది. భార్య పక్కన నిలబడి, గుమ్మడి గింజల పొడి ఎప్పుడు వేయాలో, ఏ గిన్నె దేనికో మొదటిసారి నోరు విప్పి చెప్పింది. "ఇది ముందే చెబితే నేర్చుకునేదాన్ని కదే," అంది వదిన. "ముందే అడిగితే చెప్పేదాన్ని కదక్కా," అంది భార్య. ఇద్దరి మాటల్లోనూ పదును ఇంకా ఉంది.

నేల మీద పళ్ళేలు పరిచారు. అందరికీ ఒకే గిన్నెలోది. అన్నం, పప్పు, ఆకుకూర. ఎవరూ ముందు తినలేదు. పిచ్చుక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. చిన్న మేస్త్రి ఆ గొంతు వంకే చూస్తున్నాడు. భార్య చెయ్యి సూది సంచీ మీద ఉంది. అన్న కలిపిన ముద్ద పళ్ళెంలోనే ఉంది. వదిన పెదాలు కదులుతున్నాయి.

పిల్ల ఇంకో ముద్ద తిన్నది. ఇంకోటి. ఎవరి వంకా చూడకుండా పళ్ళెం ఖాళీ చేసింది.

"ఏంటి అందరూ నన్నే చూస్తున్నారు, మీకు ఆకలేయదా?" అంటూ పళ్ళేన్ని వదిన ముందుకు తోసింది. "పెద్దమ్మా, మారు వడ్డించు."

వదిన గరిటె ఎత్తింది. చెయ్యి వణికి పప్పు సగం నేల మీద పడింది. చిన్న మేస్త్రి చెయ్యి చాపి ఆ గరిటెను తనూ పట్టుకున్నాడు.

"నిదానంగా వదినా," అన్నాడు.